పోలిగాడు, బంగారక్క: పండగ రాత్రుల నవ్వుల జోడీ

దసరా సెలవులు మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి దాటేదాకా బెంగళూరులో హస్తకళల మేళాలకు కొదవ ఉండదు. కుమారకృప రోడ్డులో చిత్రకళా పరిషత్తు ఆవరణ కావచ్చు, మరో మైదానం కావచ్చు. కొండపల్లి బొమ్మలు, చన్నపట్న లక్కబొమ్మలు, కలంకారీ దుప్పట్ల నడుమ ఎక్కడో ఒకచోట లోపల బల్బు వెలుగుతున్న తోలు దీపాలు వేలాడుతుంటాయి. వాటి మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో నెమళ్ళు, లతలు, వినాయకుడు, కృష్ణుడు. ఇలాంటివి చేసే ఊళ్ళలో పేరున్నది శ్రీసత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. బెంగళూరులో రైలెక్కితే హిందూపురం, పెనుకొండ మీదుగా కొద్ది గంటల్లో ధర్మవరంలో దిగొచ్చు.

ఆ కళాకారుల తాతలు మేకతోలు మీద ఉలి ఆడించింది దీపాల కోసం కాదు, రామాయణాన్ని తోలుబొమ్మలాటగా ఊరూరా తిప్పడానికి. ఆ రామాయణంలో వాల్మీకి రాయని జంట ఒకటి ఉంది. మొగుడు జుట్టుపోలిగాడు, పెళ్ళాం బంగారక్క. వాళ్ళకు రాజ్యం లేదు, శాపం లేదు, వనవాసం లేదు. పాడతారు, ఆడతారు, పోట్లాడుకుంటారు, చూసేవాళ్ళను నవ్విస్తారు. తెలుగునాట పండగ సీజన్లో ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చిన సంగీత హాస్య జంటల్లో ఇంత పాతది మరొకటి దొరకడం కష్టం. అయితే తోలు దీపాలు కొనేవాళ్ళలో ఈ ఇద్దరి పేర్లు విన్నవాళ్ళు తక్కువ.

తెర మీదికి ఎలా వస్తారు?

ఆట రాత్రి భోజనాలయ్యాక మొదలవుతుంది. వెదురు గడలకు తెల్లని పంచెలు కలిపి కట్టిన తెర, వెనక దీపాలు. ఒకప్పుడవి ఆముదపు దీపాలు, తరవాత పెట్రోమాక్స్ లైట్లు, ఇప్పుడు కరెంటు బల్బులు. ముందు వినాయకుడి బొమ్మ వస్తుంది, ప్రార్థన జరుగుతుంది. తరవాత సరస్వతి. జనం చేతులు జోడించి కాస్త కుదురుకున్నారనుకునే వేళకు తెర అడుగు నుంచి ఓ జుట్టుముడి పైకి లేస్తుంది. దాని కింద పోలిగాడు. ఎగురుతూ, కాళ్ళు చేతులు నాలుగు దిక్కులా విసురుతూ ఓ చుట్టు తిరిగి భార్యను కేకేస్తాడు. ఆమె వెంటనే రాదు. వచ్చేటప్పుడు మాత్రం నడుము తిప్పుకుంటూ, దరువుకు అడుగేస్తూ పాటతోనే వస్తుంది.

ఆ తరవాత మాటల వరస ఇలా ఉంటుంది:

“యాడికి పోయినావే బంగారక్కా?”

“సంతకు పోయినా. నీ జుట్టుకు నూనె తేవద్దా?”

“తెచ్చినావా?”

“జుట్టు కొలిచి పొయ్యమన్నా. అంగడోడు తలుపేసుకున్యాడు.”

ఇలాంటి మాటలు ఏ పుస్తకంలోనూ ఉండవు. ఆ రాత్రికి ఆ ఊళ్ళో పుట్టి అక్కడే అయిపోతాయి. రాముడు, సీత, రావణుడు మాట్లాడేది పద్యం, ద్విపద, కీర్తన. పదమూడో శతాబ్దపు రంగనాథ రామాయణాన్ని బొమ్మలాటవాళ్ళు తరతరాలుగా నోటికి నేర్చుకుంటూ వచ్చారు. అక్కడ మాట తప్పకూడదు. పోలిగాడికి ఆ నియమం లేదు. అందుకే బొమ్మలాట బృందంలో, అంటే మేళంలో, చురుకైన నోరున్నవాళ్ళే ఈ బొమ్మలు పట్టుకుంటారు.

ఇద్దరి మధ్యా దూరడానికి మూడోవాడు కూడా ఉన్నాడు, కేతిగాడు. వాడి చూపు ఎప్పుడూ బంగారక్క మీదే. గాంధోళిగాడు, అల్లాటప్ప వంటి ఇంకొందరు అప్పుడప్పుడూ చేరతారు. ఎవరొచ్చినా కేంద్రం మాత్రం ఈ మొగుడూపెళ్ళాలే. వీధిభాగవతాల్లో సింగి, సింగడు చేసిన పని, సినిమాల్లో రేలంగి, గిరిజ జంటగా చేసిన పని ఇలాంటిదే. పెద్ద కథ పక్కన చిన్న సంసారం పెట్టి, ఆ సంసారంలో జనం తమ ఇంటిని చూసుకునేలా చేయడం.

పెద్ద కథలోని దేవుళ్ళకూ ఈ హాస్యగాళ్ళకూ తేడా బొమ్మ తయారీలోనే ఉంది. తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఎండబెడితే వెలుతురు దూరేంత పలచగా తయారవుతుంది. దాని మీద బొమ్మ గీసి, ఉలితో రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగు వేస్తారు. ఆంధ్ర తోలుబొమ్మలు దేశంలోనే పెద్దవి. కొన్ని మనిషెత్తు ఉంటాయి. రావణుడి నగలకూ కిరీటానికీ వందల రంధ్రాలు పడతాయి. వెలుతురు వాటిలోంచి వచ్చినప్పుడే ఆ నగలు మెరిసేది. దేవుళ్ళు, రాజుల బొమ్మలు నిబ్బరంగా కదులుతాయి. హాస్యగాళ్ళకు నగలు తక్కువ, కదలిక ఎక్కువ. భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు, ఎక్కడికక్కడ వేరు ముక్కలు చేసి దారంతో ముడేస్తారు. ఆడించేవాడు వెదురుబద్దను చిన్నగా విదిలిస్తే చాలు, ఒళ్ళంతా ఊగుతుంది. రాముణ్ణి ఈతముల్లుతో తెరకు గుచ్చి నిలబెట్టి మాట్లాడించవచ్చు. పోలిగాణ్ణి గుచ్చి నిలబెడితే వాడు పోలిగాడే కాడు.

నవ్వించడం ఒక్కటే కాదు

పైకి చూస్తే వీళ్ళది మధ్యలో వచ్చే కాలక్షేపం. మేళం లెక్కలో వీళ్ళే ఇరుసు. రాత్రి తొమ్మిదింటికి మొదలైన ఆట కోడికూత దాకా సాగాలి. నడిజాము దాటితే పిల్లలు ఒరుగుతారు, పెద్దలు కునుకుతారు. పోలిగాడు రాగానే పిల్లలు లేచి కూర్చుంటారు. ఈలోగా తెర వెనక తరవాతి ఘట్టానికి బొమ్మలు వరసగా పేర్చుకుంటారు, గాయకుడు గొంతు తడుపుకుంటాడు.

మరో పని చదివింపులు. ఊరి పెద్ద రూపాయలిచ్చినా, ఓ అవ్వ శేరు బియ్యం పోసినా, ఆ పేరు తెర మీద వినబడాలి. ఆ పేరు రాముడి నోట రాదు, హాస్యగాడి నోట వస్తుంది. ఇచ్చినవాణ్ణి పొగుడుతూనే చిన్న చురక అంటిస్తాడు. ఇవ్వనివాడి సంగతి కూడా ఏదో సాకుతో బయటికి లాగుతాడు. మునసబు పిసినారితనం, కొత్తల్లుడి బడాయి, అప్పిచ్చినవాడి వడ్డీ ఇలాగే తెర మీదికి ఎక్కుతాయి. ఎదురుగా కూర్చుని ఆ మాట ఎవరన్నా అంటే గొడవవుతుంది. తోలుబొమ్మ అంటే ఎవరితో గొడవపడతారు?

ఇదంతా కావాలంటే ఊరి సంగతులు తెలియాలి. మేళం ఊళ్ళో దిగిన పగలే నీళ్ళ దగ్గరా, అంగడి దగ్గరా సగం సమాచారం దొరుకుతుంది. రాత్రి ఆటలో అది పోలిగాడి సరుకవుతుంది.

అమెరికా పరిశోధకుడు జోనాథన్ గోల్డ్‌బర్గ్-బెల్ 1980లలో ఆంధ్ర తోలుబొమ్మలాటపై పరిశోధన చేశారు. భారతీయ మౌఖిక ఇతిహాసాలపై 1989లో వచ్చిన ఒక సంకలనంలో ఈ హాస్యగాళ్ళ గురించే ప్రత్యేకంగా రాశారు. ఆట పగ్గాలు విదూషకుల చేతిలో ఉన్నాయన్నది ఆ వ్యాసం పేరులోనే ఉంది. మన దగ్గర ఆచార్య మొదలి నాగభూషణశర్మ, మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి తోలుబొమ్మలాటను గ్రంథస్థం చేసిన ముఖ్యులు.

తెర వెనక మొగుడూపెళ్ళాలు

తెర ముందు నుంచి చూసేవాళ్ళకు తెలియని ముచ్చట ఒకటుంది. చాలా మేళాలు ఒకే కుటుంబానివి. మన జానపద నాటకాల్లో ఆడవేషం మగవాళ్ళు కట్టడమే రివాజుగా ఉన్న రోజుల్లోనూ తోలుబొమ్మలాటలో ఆడవాళ్ళే ఆడపాత్రలకు గొంతిచ్చారు. సీత, మండోదరి, బంగారక్క, ముగ్గురినీ ఒక్క ఇల్లాలే పలికించడం ఉండేది. అంటే పోలిగాణ్ణి తిట్టే బంగారక్క గొంతు చాలాసార్లు పోలిగాణ్ణి ఆడించే మనిషి భార్యదే. ఇంట్లో మిగిలిపోయిన మాట తెర మీద తీరే అవకాశం ఉన్న వృత్తి అది.

వాయిద్యాలు తక్కువే. మద్దెల, తాళాలు, హార్మోనియం. ఆడించేవాళ్ళ కాళ్ళకు గజ్జెలు. యుద్ధం వచ్చినప్పుడు కాలికింద చెక్కపలకలు పెట్టి తొక్కుతారు, ఆ దడదడకు వెనక వరసలో పడుకున్నవాడు కూడా లేస్తాడు. ఒకే మనిషి రెండు చేతులతో రెండు బొమ్మలు ఆడిస్తూ, గొంతుతో పద్యం అందుకుంటూ, కాలితో తాళం వేస్తాడు.

ఈ కుటుంబాల్లో ఎక్కువమంది ఇళ్ళలో మరాఠీ యాస మాట్లాడతారు. పూర్వీకులు మరాఠా సీమ నుంచి దక్షిణానికి వచ్చినవాళ్ళు. ఇంట్లో ఆ మాట, తెర మీద తెలుగు, సరిహద్దు దాటితే కన్నడం. కర్ణాటకలో ఇదే ఆట తొగలు గొంబెయాట. అక్కడ హాస్యగాడి పేరు కిళ్ళేక్యాత. ఆ పేరు ఆడించేవాళ్ళ కులానికే పేరైపోయింది. భార్య పేరు మాత్రం మారలేదు. అక్కడా బంగారక్కే. బెంగళూరుకు ఉత్తరాన గీసిన రాష్ట్రాల సరిహద్దుకు రెండు వైపులా ఆమెకు చుట్టాలున్నారు. కొప్పళ జిల్లా మోరనాళకు చెందిన తొగలు గొంబెయాట కళాకారిణి భీమవ్వకు 2025లో పద్మశ్రీ ప్రకటించారు. అప్పటికి ఆవిడ తొంభై ఏళ్ళు దాటారు. మన వైపు నిమ్మలకుంట దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

సీజన్ లెక్క

ఈ మేళాల పర్యటన పంటను బట్టి, పండగను బట్టి సాగేది. కోతలై గాదెలు నిండితే ఊరికి ఆట పెట్టించే ఓపిక వస్తుంది. సంక్రాంతి తరవాత జాతరలు, మాఘంలో శివరాత్రి, చైత్రంలో శ్రీరామనవమి. వానలు పడితే తెర కట్టడానికి చోటుండదు, వినేవాళ్ళకు తీరికుండదు. ఆ నెలలు బొమ్మలు బాగుచేసుకోవడానికి, కొత్తవి కొట్టుకోవడానికి. శివరాత్రికి గిరాకీ ఎక్కువ. జాగారం ఉన్నవాళ్ళకు నిద్ర ఆపే సాధనం కావాలి కదా. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల శివరాత్రి సందడిని వర్ణిస్తూ బొమ్మలాటలను కూడా ప్రస్తావించాడు. ఏడు వందల ఏళ్ళ కిందటే ఈ పండగకు ఈ కళతో పొత్తు కుదిరిందన్నమాట.

వానలు ముఖం చాటేసిన ఏడు మరో రకం పిలుపు వచ్చేది. విరాటపర్వం ఆడిస్తే వానలు పడతాయని సీమలో గట్టి నమ్మకం. కరువు జిల్లాల్లో బొమ్మలాటవాళ్ళకు ఇది చిన్న ఆదరువు కాదు.

ప్రయాణం ఎడ్లబండి మీద. పెట్టెలో బొమ్మలు, పైన తెర, వెదురు గడలు, వంటసామాను, పిల్లలు. ఒక ఊళ్ళో రామాయణం కొన్ని రాత్రులు నడిచాక మరో ఊరికి కదిలేవారు. కూలి కొంత డబ్బు, కొంత ధాన్యం. తరాలు వాడి పాడైన బొమ్మను చెత్తలో పారేయరు, నీళ్ళలో వదులుతారు. దేవుడి బొమ్మకున్న ఆ మర్యాద పోలిగాడికీ ఉంది.

ఈ సీజన్ పద్ధతి మనదొక్కటే కాదు. టర్కీలో కారాగోజ్, హజివత్ అనే నీడబొమ్మల జంట ఉంది. ఒకడు చదువులేని మొరటు, రెండోవాడు చదువుకున్న బడాయికోరు. వాళ్ళ సీజన్ రంజాన్ నెల. ఉపవాసం విప్పాక కాఫీ అంగళ్ళలో రాత్రికో కథ చొప్పున నడిచేది. యునెస్కో 2009లో ఆ ఆటను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. జావా వాయాంగ్ ఆటలో సెమార్, అతని కొడుకులు సగం రాత్రి గడిచాక వచ్చి, రాజుల కథను కాసేపు ఆపి, నేటి సంగతులు మాట్లాడతారు. తమిళనాడు తోలుబొమ్మల్లోనూ ఉచ్చికుడుంబన్, ఉలువత్తలైయన్ అని ఇద్దరు హాస్యగాళ్ళున్నారు. పవిత్ర కథ, పండగ రాత్రి, పక్కనే నోరు జారే జంట. ఇన్ని చోట్ల ఈ మూడూ కలిసే ఉన్నాయి.

బెంగళూరు చేరాక

సినిమా వచ్చాక పల్లెల్లో రాత్రంతా ఆట కూర్చుని చూసే అలవాటు సన్నగిల్లింది. టీవీ మిగిలినదాన్ని తీసుకుపోయింది. నిమ్మలకుంటలో, కాకినాడ దగ్గరి మాధవపట్నంలో కొన్ని కుటుంబాలు ఆటను వదల్లేదు. కానీ కడుపు నింపే పని మారింది. అదే తోలు, అదే ఉలి, అదే రంగులతో దీపాలు, గోడబొమ్మలు, తలుపు తోరణాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా దక్కింది. నిమ్మలకుంటకు దగ్గరి పెద్ద బజారు బెంగళూరే కావడంతో పండగ సీజన్ ఇప్పుడు జాతరకు బదులు మేళాకు పిలుస్తోంది. ఎడ్లబండి పోయి రైలు, బస్సు వచ్చాయి. ఊరికి నాలుగు రాత్రులు పోయి స్టాలుకు పది రోజులు వచ్చింది.

ఇందులో బాధపడాల్సిందేమీ లేదు. దీపం అమ్ముడుపోవడం వల్లనే ఉలి పట్టే చేతులు మిగిలాయి. పిల్లలు చదువుకుంటున్నారు, ఇళ్ళు కట్టుకున్నారు. పోయినదేమిటో మాత్రం స్పష్టంగా చెప్పుకోవాలి. దీపం మీద గణపతి కుదురుతాడు, నెమలి కుదురుతుంది. హనుమంతుడు కదలకపోయినా హనుమంతుడే. పోలిగాడు, బంగారక్కల అందం కీళ్ళలోనూ నోట్లోనూ ఉంది. గోడకు తగిలిస్తే వాళ్ళకు మాటుండదు.

నగరంలో ఆట పెట్టించేవాళ్ళు ఇచ్చేది ముప్పావుగంటో గంటో. అంతసేపట్లో సుందరకాండ చెప్పాలి, లంక కాలాలి. కోత పడేది హాస్యం మీదే. దానికి తోడు పాత హాస్యంలో బూతు పాలు ఎక్కువ. కేతిగాడి బొమ్మ రూపమే కొన్ని మేళాల్లో పిల్లల ముందు పెట్టేట్టు ఉండదు. స్కూలు ప్రదర్శనలో ఆ భాగం తీసేయడం సహజం. తీసిన చోట కొత్త నవ్వు పెట్టకపోవడంతోనే చిక్కు. అప్పుడు మిగిలేది భక్తి కథ, అందమైన బొమ్మలు. చూసినవాళ్ళు చప్పట్లు కొడతారు, ఫొటోలు తీసుకుంటారు, ఎక్కడా నవ్వరు.

అలాగని నగరం ఈ కళను మరిచిందనలేం. చిత్రకళా పరిషత్తు స్థాపకుల్లో ఒకరైన ఎం.ఎస్. నంజుండరావు కర్ణాటక తోలుబొమ్మలపై ఏళ్ళ తరబడి పనిచేసి పెద్ద సేకరణనే కూర్చారు. అది పరిషత్తు గ్యాలరీలో ఉంది. మైసూరు రోడ్డులో రామనగర దగ్గర హెచ్.ఎల్. నాగేగౌడ నెలకొల్పిన జానపద లోకలోనూ తోలుబొమ్మలను చూడవచ్చు. అనుపమ హొస్కెరె నడిపే ధాతు సంస్థ నవరాత్రికి బొమ్మల పండగ, కొత్త సంవత్సరం సమయంలో బొమ్మలాటల ఉత్సవం చేస్తుంది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఇవి మంచి చోట్లు. హిందూపురం దాకా వెళ్ళగలిగితే పక్కనే లేపాక్షి. అక్కడి వీరభద్రాలయం పైకప్పు మీది పదహారో శతాబ్దపు చిత్రాల్లో పక్కచూపు ముఖాలు, పెద్ద కళ్ళు, బట్టల అంచులు చూస్తే తోలుబొమ్మల గీత ఎక్కడిదో కొంత అర్థమవుతుంది.

అపార్ట్‌మెంటులో పోలిగాడు

బెంగళూరులో తెలుగువాళ్ళు ఉన్న అపార్ట్‌మెంట్లలో సంక్రాంతికి ముగ్గులు, భోగిపళ్ళు, దసరాకు కొలువు, ఉగాదికి కవి సమ్మేళనం మామూలే. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వేదిక ఉండనే ఉంది. అలాంటి చోట తోలుబొమ్మలాట పెట్టించాలనుకునేవాళ్ళు మేళానికి రెండు సౌకర్యాలు చేయాలి. ఒకటి సమయం. గంట బదులు రెండు గంటలు ఇస్తే హాస్యం కోతకు గురికాదు. రెండోది సమాచారం. పల్లెలో పగలంతా తిరిగి తెలుసుకున్న సంగతులు ఇక్కడ ఎవరో చెబితే తప్ప తెలియవు. మేళం దిగగానే అసోసియేషన్ అధ్యక్షుడి పేరు, నీళ్ళ ట్యాంకర్ గొడవ, పార్కింగ్ పేచీ, ఏ బ్లాకులో లిఫ్ట్ ఎప్పుడూ ఆగిపోతుందో, మెయింటెనెన్స్ డబ్బు కట్టకుండా తప్పించుకునేది ఏ అంతస్తువాళ్ళో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. అధ్యక్షుణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టాలి. చదివింపుల పళ్ళెం మరిచిపోకూడదు. తక్కింది బంగారక్క చూసుకుంటుంది.